పన్నెండు నిమిషాలు

నవంబరు మొదటి శనివారం జాబ్జెలో
మూతబడ్డ గని స్నానాల గదిలో తెర కడతాం.
పనివాళ్లు బట్టలు వేలాడదీసుకున్న గొలుసులు
ఇంకా కప్పుకి అలాగే ఉన్నాయి.
ఏటా అదే పాత సినిమా, ఏడు రీళ్లు.
వేసేది నేను. వచ్చేది పదిహేను మంది,
మంచు పడితే తొమ్మిది.

చూడ్డానికి కాదు. చూడ్డం ఎప్పుడో అయిపోయింది.
పోట్లాడుకోవడానికి వస్తారు.

ఐదో రీల్లో కెప్టెన్
ఓడ బయటి అరలో చిక్కుకుంటాడు.
గాలి ముల్లు నలభై నిమిషాలంటుంది.
రేడియోలో వంటవాడితో మాట్లాడుతూనే ఉంటాడు,
ఉల్లిపాయల గురించి, కూతురి పాలపళ్ల గురించి,
నెప్ట్యూన్ మీద ఆదివారం ఎంతసేపుంటుందని.
గోడ గడియారంలో అప్పుడు మూడూ పది.
తలుపు కోసి అతన్ని లాగేసరికి
నాలుగూ రెండు.

"నలభై తెచ్చుకుని యాభై రెండు ఖర్చుపెట్టాడు,
ఆ పన్నెండు ఎవరిచ్చారు?"
తెయోఫిల్ లేచాడు. లెక్కల మాస్టారు,
రిటైరయినా వేళ్లు సుద్దముక్క పట్టుకున్నట్టే ఉంటాయి.
పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, ముప్ఫై ఏళ్లుగా.

"మూడో రీల్లో బల్ల కింద నీలం సిలిండరుంది,"
మందుల షాపు ఒతిల్యా.
"అది మంటలార్పేది!"
"ముందు నీ కళ్లద్దాలు మార్పించు."

కింగా, నర్సింగు చదివే పిల్ల, రావడం ఇదే మొదలు:
"తీసినవాళ్లు లెక్క మర్చిపోయారేమో. అంతేగా?"
హాలు హాలంతా తిరిగి చూసింది,
చర్చిలో ఈల వేసిన మనిషిని చూసినట్టు.

అప్పుడు వెనక వరసలో ఎవాల్ట్ గొంతు సవరించుకున్నాడు.
ఇన్నేళ్లలో అతను నోరు విప్పగా నేను వినలేదు.
రక్షణ దళంలో ఇరవై ఆరేళ్లు చేసిన మనిషి.

"ఏడు వందల మీటర్ల కింద ముగ్గురు.
గాలి గురువారం సాయంత్రం దాకా అని
ఇంజనీరు రాసిచ్చాడు. ఆ కాగితం నేను చూశాను.
మేం చేరేసరికి శుక్రవారం తెల్లారింది.
ఇద్దరు బతికున్నారు."
టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.
"మేం ఇటు నుంచి పైపు మీద కొడుతూనే ఉన్నాం.
భయపడ్డవాడు రెండు ఊపిరులు తాగుతాడు.
చప్పుడు వింటున్నవాడికి ఒకటి చాలు."

"మరి మూడోవాడు?"
మాస్టారు అడగకుండా ఉండలేడు.

"డ్రిల్లు మీద పనిచేసేవాడు.
చెవులు పోయాయి."

పైపు మీద చేయి వేస్తే తెలియదా,
పక్కవాళ్లు భుజం తట్టలేదా.
ఆ ప్రశ్న కింగా పెదాల దాకా వచ్చింది.
నా కిటికీలోంచి చూశాను.
ఆ పిల్ల దాన్ని నీళ్లలా మింగేసింది.
మాస్టారు కూర్చున్నాడు.
పైన ఒక గొలుసు, గాలికేనేమో, కదిలింది.

"సరే," అంది ఒతిల్యా చాలాసేపటికి,
"మరి గ్లవ్ సంగతి?"

ఆరో రీల్లో కెప్టెన్ చేతి గ్లవ్
రెప్పపాటులో మాయమవుతుంది.
అమ్మయ్య, అందరికీ గొంతులొచ్చాయి.
అది కల అని ఒకరు, అతను రెండో కెప్టెన్ అని ఒకరు,
అసలు కెప్టెన్ ఐదో రీల్లోనే పోయాడని
ఎప్పటిలాగే బేకరీ రోమన్.

తొంభై మూడు చలికాలంలో ఆ రీలు తెగింది.
కత్తిరించి అతికించింది నేనే.
పదకొండు ఫ్రేములు, అర సెకను కూడా కాదు.
ఇంట్లో టీ డబ్బాలో ఉన్నాయి.
వాటిల్లో అతను గ్లవ్ లాగేస్తాడు, ఇంకేం లేదు.
మెట్లు దిగి రెండు ముక్కల్లో తేల్చేయొచ్చు.

ఎవాల్ట్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.
"ఎడమది కాదు," అంటున్నాడు, "కుడి చేతిది."
"ఎడమదే!" మాస్టారు మళ్లీ లేచాడు.

దీపం ఆర్పకుండా
రీలు వెనక్కి తిప్పుతున్నాను,
వీలైనంత నెమ్మదిగా.